మేకల ఎరుక

1973 మార్చి 4, ఆదివారం

ఇవాళ కూడా చర్చికి పోలేదు. చిన్నోడు పుట్టి నలభై మూడు రోజులు. గ్రేసమ్మ పోయీ నలభై మూడు రోజులే. వాడు పుట్టిన పొద్దే నా బిడ్డ పోయింది. అల్లుడు మట్టి వేసి వెళ్ళినవాడు మళ్ళీ నారాయణఖేడ్ వైపు తొంగిచూడలేదు. పిల్లవాడికి పేరు కూడా పెట్టలేదు. చిన్నోడు, చిన్నోడు అని పిలుస్తున్నాను.

వాడు చుక్కదాని పాల మీద బతుకుతున్నాడు. నల్లమేక, నుదుట తెల్లచుక్క. ఉన్న పద్నాలుగింటిలో పాలిచ్చేది ఇప్పుడు అదొక్కటే. కరువుకు మేత లేక మిగతావన్నీ ఎండిపోయాయి. పొద్దున ఒక పక్క దాని పిల్లకు వదిలి, రెండో పక్క నేను పిండుకుంటాను. కాచిన నీళ్ళు కలిపి ఉగ్గుగిన్నెతో పోస్తే చిన్నోడు కళ్ళు మూసుకుని చప్పరిస్తాడు. అప్పుడు గడ్డం అచ్చం గ్రేసమ్మదే.

యోసేపు పట్నం పోయి పన్నెండు రోజులు. మేకలన్నీ చచ్చేలోపల అమ్మేద్దాం అన్నాడు. "మరి చిన్నోడు ఏం తాగాలె?" అన్నాను. తెల్లారి కంబళి భుజాన వేసుకుని పోయాడు. కూలి దొరికితే నాలుగు గింజలు పంపుతాడు. కోపం ఎక్కువ రోజులు నిలిచే మనిషి కాదు. పెళ్ళైన ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాను.

మార్చి 6

వాగులో నీళ్ళ కోసం తవ్విన చెలిమ దగ్గర మా మేకలూ పక్కింటి హన్మమ్మ మేకలూ కలిసిపోయాయి. అన్నీ నల్లవే. హన్మమ్మ నెత్తి కొట్టుకుంది.

"నీయేవో నాయేవో ఎట్ల ఏరాలె రిబ్కమ్మా?"

"ఊకో హన్మమ్మా. అవే ఏరుకుంటయి."

నీళ్ళు తాగి తలలెత్తాయి. ఒకదాన్నొకటి మూతులతో వాసన చూసుకున్నాయి. తమది కానిది దగ్గరికి వస్తే కొమ్ముతో నెట్టాయి. చుక్కది ఒక్క అరుపు అరిచి ఇంటి దారి పట్టగానే మావన్నీ వెనక నడిచాయి, ఒక్కటి తక్కువ లేదు, ఒక్కటి ఎక్కువ లేదు. ఇంటి దగ్గర గంప కింద ఉన్న పిల్ల, కనబడక ముందే తల్లి గొంతు పట్టి బదులిచ్చింది. అయినా చుక్కది దాని తోక కింద వాసన చూశాకే పొదుగు ఇచ్చింది. రోజూ ఇంతే. ఎంత అరిచినా వాసన చూడనిదే నమ్మదు.

మార్చి 9

మేకలు లేవు.

చిన్నోడికి విరేచనాలని పొద్దున దవాఖానకు తీసుకుపోయాను. మేకలకు చింతకొమ్మలు వేసి, పిల్లను ఇంట్లో గంప కింద పెట్టి పోయాను. తిరిగొచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. దొడ్డి ఖాళీ. తడక ఎప్పటిలా మూసి ఉంది, తాడు ఎప్పటిలా కట్టి ఉంది. ఏ దొంగ పద్నాలుగు మేకలను తోలుకుపోయి మళ్ళీ తడక కట్టి పోతాడు?

హన్మమ్మ గడపలోనే కూర్చుని ఉందట. ఒక్క మేకా అరవలేదంటుంది. "మేతకు పోయినట్లే పోయినయే. నువ్వే తోల్కపోతున్నవనుకున్న."

ఏదో మందు పెట్టి ఉంటారు. మందు పెట్టందే కొత్తవాడి వెంట పోవు.

మార్చి 10

వాగు, గుట్ట, అంగడి, బస్సులు ఆగే చోటు, అన్నీ తిరిగాను. ఠాణాలో చెప్పాను. గుర్తులు అడిగారు. పద్నాలుగింటి గుర్తులూ చెప్పాను. రాసుకున్నారు. యోసేపు ఉంటే ఈపాటికి జాడ పట్టేవాడు. పట్నంలో ఏ మూల ఉన్నాడో, కబురు ఎవరితో పంపాలి?

మార్చి 11

మా ఆడబిడ్డ లీలమ్మ ఇంటికి యోసేపు జొన్నలు పంపాడట! ఒక బస్తా, ఎవరి బండిలోనో. నేను అనలేదా? లీలమ్మ గిన్నెడు అంబలి తెచ్చి నా ముందు పెట్టింది. ఏం చెప్పి పంపాడు అంటే, "ఏం జెప్పలే. తిను రిబ్కా" అంది. నా మొహం చూడలేదు. తమ్ముడి మేకలు పోయాయని తనకూ బాధే కదా.

అంబలి మీది తేట చిన్నోడికి పోశాను. సగం మింగాడు.

మార్చి 12

పొద్దుటి నుంచి రెండుసార్లే ఏడ్చాడు.

మార్చి 13

మా ఇళ్ళ వరుసలో పాలిచ్చే తల్లి విజయమ్మ ఒక్కతే. ఆమె రొమ్ములో ఆమె బిడ్డకే లేవు. సిగ్గు విడిచి అడిగాను. పట్టించింది పాపం. కాసేపటికి రెండు పిల్లలూ ఏడ్చాయి. హోటల్లో గేదె పాలు అడిగి తెచ్చి పోస్తే పోసినవి పోసినట్టే బయటికి వచ్చాయి. వాడి నడినెత్తి గుంట పడింది. వేలు పెడితే దిగుతోంది.

మేకపిల్లా అంబలి తేటే నాకుతోంది. గంప ఎత్తితే దొడ్డిలోకి ఉరికి తల్లి పడుకునే చోట వాసన చూస్తోంది.

మార్చి 14

దొరికాయి! నాగల్‌గిద్ద దిక్కు నుంచి కందులు అమ్ముకోను వచ్చిన మనిషి చెప్పాడు. వాళ్ళ ఊళ్ళో మాణిక్యప్ప అనే రైతు మందలో కొత్త మేకలు కలిశాయట. ముందు నడిచేదానికి నుదుట చుక్క ఉందట.

చిన్నోణ్ణి లీలమ్మకు అప్పగించి తెల్లారి పోతాను. లీలమ్మ చెయ్యి పట్టుకుంది.

"పోకు రిబ్కా. ఆడ ఏం జూడాల్సొస్తదో ఏమో."

"నా మేకలనే జూస్త వదినా. ఇంకేం జూస్త?"

చెయ్యి వదల్లేదు. నేనే విడిపించుకున్నాను.

మార్చి 16

నిన్న పొద్దంతా నడిచాను. ఎండిపోయిన కందిచేలు, ఎక్కడా పచ్చగడ్డి లేదు. పొద్దు వాలుతుండగా మాణిక్యప్ప చేనులో మంద కనబడింది. నలభై దాకా ఉంటాయి. మావి ఒక పక్కకు విడిగా మేస్తున్నాయి. చెవి అంచులు కొత్తగా కోసి ఉన్నాయి. దూరంగా గట్టు మీద కాపరి, కంబళి తల మీదుగా కప్పుకుని అటు తిరిగి కూర్చున్నాడు. ఎండ కళ్ళలో కొట్టి మొహం కనబడలేదు.

నేను పిలిచాను. చుక్కది తలెత్తి బదులు పలికింది. పది అడుగులు వచ్చింది. అంతలో కాపరి ఈల వేశాడు, రెండు పొట్టివి, ఒకటి పొడుగు. అన్నీ వెనక్కి తిరిగాయి. కాపరులందరూ అలాగే వేస్తారు. అతను లేచి గట్టు దిగి అవతలికి పోయాడు, మంద వెంట పోయింది.

మాణిక్యప్ప చెడ్డమనిషిలా లేడు. వాకిట్లోకి రానివ్వలేదు కానీ, అతని భార్య శంకరమ్మ దోసిట్లో నీళ్ళు పోసింది.

"నేను దొంగతనం చెయ్యలేదమ్మా. జొన్నలు గొలిచి కొన్న. నా మందల గలిస్తె చెవి కోస్త, అది మా గుర్తు."

"ఎవలు అమ్మిండ్రు పటేలా?"

"పట్నం పోయేటోడు ఒకడు."

ఈ కరువులో పట్నం పోయేవాళ్ళు ఎంతమంది లేరు!

ఊరి పెద్దమనిషి సంగప్పను పిలిపించారు. తెల్లమీసాల ముసలాయన. మాటల్లో కన్నడం కలుస్తుంది. "నల్లమేకలు అన్నీ నల్లగనే ఉంటవు. నీయే అని ఎట్ల నమ్మాలె?" అన్నాడు.

"నన్ను నమ్మకుండ్రి. మేకలనే అడుగుండ్రి. నా తాన దాని పిల్ల ఉంది. తెస్త."

ఆయన మీసం కింద నవ్వాడు. ఆదివారం తెమ్మన్నాడు.

శంకరమ్మ నా వెనకే చేను దాకా వచ్చింది. ఇంట్లో పసివాడున్నాడని చెబితే "అయ్యో, కూసు" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వాళ్ళ మాటలో పసిబిడ్డను అలా అంటారు. ఆమె ముంతెడు పాలు ఇచ్చింది, చుక్కదానివే. ఇవాళ ఇంటికి చేరేలోపల ఎండకు విరిగిపోయాయి.

చిన్నోడు నన్ను చూసి ఏడవలేదు. చూడనూ లేదు.

మార్చి 17

పిల్లను చంకన వేసుకుని పోతున్నాను. చిన్నోడి చెవిలో చెప్పాను, రెండు రోజులు ఆగరా అని.

మార్చి 19

ఇంటి దారిలో ఆగి రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాయాలి. ఇప్పుడు రాయకపోతే నాకు నేనే వేరేగా చెప్పుకుంటాను. నాకు ఆ అలవాటు ఉందని నిన్న తెలిసింది.

నిన్న పొద్దున మందను కొట్టం ముందు ఆపారు. సంగప్ప అరుగు మీద, ఊరి వాళ్ళు ఓ పదిమంది చుట్టూ. కాపరి కనబడలేదు. మాణిక్యప్ప జీతగాడే పెద్ద కర్ర పట్టుకుని మందను అదిలిస్తున్నాడు.

నేను పిల్లతో మట్టిగోడ వెనక కూర్చున్నాను. తల్లికి పిల్ల కనబడకూడదని నేనే అన్నాను. ముందు మాణిక్యప్ప తన మందలోని వేరే పిల్లను తెప్పించి అరిపించాడు. చుక్కది నెమరు వేస్తూనే ఉందట. తర్వాత నా ఒళ్ళోది అరిచింది. ఒక్కసారే. గోడ అవతల మందలో కలకలం. నలభై మేకల్లో ఒక్క గొంతు లేచింది. అరుస్తూ గోడ దాకా వచ్చి, ముందుకాళ్ళు గోడకు వేసి నిలబడింది. నా తల పైన దాని మొహం.

పిల్లను వదిలాను. ఉరికి పొదుగులో మూతి పెట్టబోయింది. చుక్కది పక్కకు జరిగింది. తోక కింద వాసన చూసింది. తొమ్మిది రోజులు పొయ్యి పక్కన, మనుషుల మధ్య ఉన్న పిల్ల. పొగ వాసన, చిన్నోడి గుడ్డల వాసన అంటి ఉంటాయి. చుక్కది మళ్ళీ జరిగింది. మళ్ళీ వాసన చూసింది. ఎవరో "దానిది గాదు" అన్నారు. మూడోసారి మెడ దాకా మూతి తెచ్చి వాసన చూసి, గొంతులో సన్నగా ఏదో అని, కాళ్ళు ఎడం చేసి నిలబడింది. పిల్ల మోకాళ్ళ మీద పడి తాగింది.

"తల్లి గిదే" అన్నాడు సంగప్ప. "మరి కడమయి, ఆ పదమూడు?"

"నీడకు తోలుండ్రి. మీరెవలూ ముట్టకుండ్రి. పండుకునేటప్పుడు జూడుండ్రి."

చింతచెట్ల నీడకు తోలారు. ఎండ ముదిరేదాకా అందరం చూస్తూ కూర్చున్నాం. మేకలు అటూ ఇటూ తిరిగాయి, పోట్లాడుకున్నాయి. చివరికి చుక్కది పిల్లతో ఒక చెట్టు మొదట్లో పడుకుంది. ఒకటొకటిగా వచ్చి దాని చుట్టూ పడుకున్నాయి. సంగప్ప వేలితో ఎంచాడు. పద్నాలుగు. మాణిక్యప్పవి ఇంకో చెట్టు కింద.

అప్పుడు నాకు వచ్చిన సంతోషం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

మాణిక్యప్ప మొహం నల్లబడింది. "నీయేనమ్మా, కాదంట లేను. గని నేను ఊకె తెచ్చుకోలే. అమ్మినోణ్ణే పిలుస్త. మేకలు ఎవల మాట ఇనకపోతె ఆణ్నే కాపరిగ పెట్టుకున్న."

కొట్టం వెనక నుంచి అతన్ని తీసుకొచ్చారు. కంబళి తల మీంచి తీశాడు.

అప్పుడు తెలిసింది అని రాయబోయి ఆగాను. మొన్న ఈల విన్నప్పుడే తెలిసింది. తడక ముడి చూసినప్పుడే తెలిసిందేమో. అరవకుండా పోయాయని హన్మమ్మ చెప్పినప్పుడు తెలియదా నాకు?

సంగప్ప అడిగాడు. "ఏమమ్మా, గీయన నీకేమైతడు? మొగడైతే అమ్మిండు, బేరం అయిపోయింది. మొగడు గాకపోతె దొంగ. మేకలు నీయి, ఈణ్ణి ఠాణాకు పంపుతం. దేవుని మీద పెట్టి చెప్పు."

యోసేపు గడ్డం పెరిగి ఉంది. కళ్ళు లోపలికి పోయాయి. నన్ను చూస్తున్నాడు. నేను చిన్నోడి నడినెత్తి గుంటను తలుచుకున్నాను.

"నాకు తెల్వదు" అన్నాను. "ఈనెవలో నాకు తెల్వదు."

అతను తల ఊపాడు, నేను సరైన మాటే అన్నట్టు. సంగప్ప వైపు తిరిగాడు.

"నేను దొంగనే పటేలా. ఈమెవలో నాకు తెల్వదు. మేకలు ఇచ్చెయ్యుండ్రి."

జీతగాడు తాడు తేవడానికి లోపలికి పోయాడు. అంతలో నీడలో పడుకున్న మేకలు అతని గొంతు విని లేచాయి. చుక్కది ముందు. వచ్చి అతని చేతిలో మూతి పెట్టింది. మిగతావి చుట్టూ చేరి కంబళి అంచులు నమలసాగాయి. పిల్ల అతని పాదాలు వాసన చూసి, వాటి మీదే పడుకుంది. అది పుట్టినప్పుడు ఉమ్మనీరు తుడిచింది అతనే. అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. కాలితో నెట్టాడు. పోలేదు.

సంగప్ప మేకలను, మా ఇద్దరినీ చూశాడు.

"మేకలకు ఎరుకే" అన్నాడు. "మీకే లేదా ఎరుక?"

నేను కొంగు మొహం మీదికి లాక్కున్నాను.

బేరం బేరమే అన్నారు. మేకలు మాణిక్యప్పవే. శంకరమ్మ లోపలి నుంచి వచ్చి మొగుడి ముందు నిలబడి కన్నడంలో ఏదో గట్టిగా అంది. కూసు అన్న మాట ఒక్కటే నాకు అర్థమైంది. మాణిక్యప్ప తల గోక్కుని, "పాలమేకను, పిల్లను తోల్కపో. కడమయి ఇయ్య" అన్నాడు. యోసేపును మళ్ళీ చేనులో కనబడొద్దన్నాడు.

చుక్కదాని మెడకు తాడు వేసి నడిచాను. వెనక పదమూడూ అరుస్తున్నాయి. చుక్కది కదలదు. యోసేపు వంద అడుగుల దూరంలో వస్తున్నాడు. అతను ఆగితే అది ఆగుతోంది, అతను కదిలితే కదులుతోంది. చివరికి నేనే తాడు కింద పడేసి పక్కకు నిలబడ్డాను. అతను తీసుకున్నాడు.

దారిలో అతనే చెప్పాడు. నేను అడగలేదు.

"మేకలు సస్తే అన్ని పోతయి. జొన్నలైతే నువ్వన్న బతుకుతవనుకున్న."

నేను నడుస్తూనే ఉన్నాను.

"చుక్కదాన్ని ఇడిసిపెడ్దామనే జూసిన రిబ్కా. అది రాకుంటె కడమయి గడప దాటలే. రెండుసార్లు తోలిన. రెండుసార్లు మల్లొచ్చినయి."

"చిన్నోడు యాదికి రాలేదా?"

తాడు చేతికి చుట్టుకుంటూ అన్నాడు. "పోరి పోయింది. పోరడు ఉంటడనుకోలే. నా కండ్ల ముంగట పోవద్దనుకున్న."

నేను తాగిన అంబలి నా మేకలే. చిన్నోడికి పోసిన తేట వాడి పాలే.

మార్చి 20

నిన్న రాత్రి ఇల్లు చేరాం. చిన్నోడు బతికే ఉన్నాడు. నడకకు చుక్కది సగం పాలే ఇచ్చింది. మూడు ఉగ్గుగిన్నెలు తాగాడు.

లీలమ్మ గడపలో ఏడ్చింది. "ఒట్టు పెట్టించుకున్నడు రిబ్కా." ఆమెను ఏమీ అనలేదు. యోసేపు దొడ్డిలో పడుకున్నాడు. లోపలికి రమ్మనలేదు.

మార్చి 21

ఆరు గిన్నెలు. ఒకసారి నా వేలు పట్టుకున్నాడు. యోసేపు ఎక్కడి నుంచో పచ్చి తుమ్మకొమ్మలు తెచ్చి చుక్కదానికి వేశాడు. చేతులు ముళ్ళకు చీరుకుపోయాయి. బతుకుతాడు. ఆరు గిన్నెలు తాగినవాడు బతకడా?

మార్చి 22

నాలుగు. రెండు కక్కాడు.

మార్చి 23

పొద్దున.

మార్చి 25, ఆదివారం

గ్రేసమ్మ పక్కనే. గొయ్యి యోసేపే తవ్వాడు, ఇంకెవరినీ పార ముట్టనివ్వలేదు. పాస్టర్ పేరు అడిగాడు. పేరు లేదన్నాను. యోసేపు వెనక నుంచి "హనోకు" అన్నాడు. ఆ పేరు ఎప్పుడు అనుకున్నాడో నాకు తెలియదు. నాకు చెప్పలేదు. ఆ పేరుతోనే ప్రార్థన చేశారు.

చుక్కదాని పొదుగు నిండుతోంది. పిల్ల రెండు పక్కలా తాగుతోంది.

మార్చి 26

అతన్ని పొమ్మని చెప్పాలి.

మార్చి 27

చెప్పలేదు.

మార్చి 28

సర్కారు గంజి పోస్తోందంటే పోయాను. జొన్నలు లీలమ్మ పిల్లలకే వదిలేశాను, అవి నా గొంతు దిగవు. వరుస బజారు దాకా ఉంది. యోసేపు నాలుగడుగులు వెనక నిలబడ్డాడు. మధ్యలోకి ఎవరు రాబోయినా జరిగి చోటు ఇస్తున్నాడు.

పేర్లు రాసేవాడు తల ఎత్తకుండా అడిగాడు. "ఇంట్ల ఎంతమంది?"

"ఇద్దరం" అన్నాను.

నా నోట వచ్చిన ఇద్దరు నేనూ చిన్నోడూ. అన్నాక తెలిసింది. దిద్దుకునేలోపలే అతను తల ఎత్తి, రెండోవాళ్ళు ఎక్కడని చూశాడు. మధ్యలో దూరినవాళ్ళు అప్పటికే నన్నూ దాటి ముందుకు పోయారు, నా వెనక యోసేపే.

"గాయననా? ఏమైతడమ్మా నీకు?"

యోసేపు వరుసలోంచి పక్కకు తప్పుకున్నాడు. పోతున్నాడు.

"మా ఆయన" అన్నాను.

రాసుకున్నాడు. నా గిన్నెలోనే రెండు గరిటెలు పోశారు, అతని చేతిలో గిన్నె లేదు. గోడ పక్కకు పోయి నిలబడ్డాం. నేను గిన్నె చాచాను. అతను తీసుకోలేదు. నేను తాగలేదు. గంజి చల్లారిపోయేదాకా ఇద్దరం గిన్నెకు చెరో పక్క చెయ్యి వేసి ఎండలో నిలబడే ఉన్నాం.